మార్కుల మెమో కోసం డేటాబేస్ తలుపు తట్టనక్కర్లేదు: ఫలితాల వెబ్‌సైట్ల నిర్వాహకులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో పరీక్షా ఫలితాలు, ప్రవేశాల కౌన్సెలింగ్, ఆన్‌లైన్ దరఖాస్తుల వెబ్‌సైట్లను పర్యవేక్షించే అధికారులకు, ఆ వెబ్‌సైట్లను తయారుచేసి నడిపే సంస్థల ఇంజినీర్లకు,

నమస్కారం.

విలేకరుల సమావేశంలో ఫలితాలు విడుదల కాగానే లక్షల మంది ఒకే పేజీ మీద పడతారనీ, ఆ తాకిడికి సర్వర్ చేతులెత్తేస్తుందనీ, గంటో రెండు గంటలో గడిచాక అంతా దానంతటదే సర్దుకుంటుందనీ అనుకోవడానికి మనమందరం అలవాటు పడిపోయాం. ఈ ఇబ్బంది వచ్చినప్పుడల్లా మీ వైపు నుంచి రెండు జవాబులు వినిపిస్తుంటాయి. సర్వర్ల సంఖ్య పెంచామన్నది మొదటిది. సీడీఎన్ (కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్, అంటే పేజీల నకళ్లను అనేక ఊళ్లలోని సర్వర్లలో ఉంచి పంచే ఏర్పాటు) కూడా పెట్టాం గానీ, మాది డైనమిక్ సైటు, అంటే అడిగినప్పుడల్లా పేజీని అప్పటికప్పుడు తయారుచేసే సైటు కాబట్టి దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదన్నది రెండోది. ఈ లేఖ ఆ రెండో జవాబు గురించి. వెబ్‌సైట్ల నిర్వహణే వృత్తిగా బతుకుతున్నవాణ్ణి కాబట్టి, అందులో ఎంత నిజముందో ఎంత పొరపాటుందో వివరంగా చెప్పాలనుకుంటున్నాను.

కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్ అనే ఆలోచన మొదలైంది మారని వస్తువులతోనే. అమెరికాలోని ఎంఐటీలో గణిత ఆచార్యుడు టామ్ లైటన్, ఆయన విద్యార్థి డానీ లూయిన్ కలిసి 1998లో అకమాయ్ సంస్థను స్థాపించినప్పుడు, ఒకే బొమ్మను లక్షల మంది ఒకేసారి అడిగితే దాన్ని అనేక ఊళ్లలోని సర్వర్లలో నకలు చేసి ఉంచి, అడిగినవారికి దగ్గర్లోని సర్వర్ నుంచి ఇవ్వడమే వారి పద్ధతి. డేటాబేస్‌ను అడిగి అప్పటికప్పుడు తయారుచేసే పేజీలను ఏం చేయాలన్న ప్రశ్న వెంటనే వచ్చింది. పేజీని ముక్కలుగా విడగొట్టి, మారే ముక్కను మాత్రమే మూల సర్వర్ (సైటు యజమాని సొంత సర్వర్) నుంచి తెచ్చి, మిగిలినదంతా నకలులోంచి అతికించే ఎడ్జ్ సైడ్ ఇన్‌క్లూడ్స్ అనే ప్రతిపాదన 2001లోనే వచ్చింది. అంటే డైనమిక్ అన్న ఒక్క మాటతో చర్చను ముగించే రోజులు పోయి రెండు దశాబ్దాలు దాటింది.

అసలు మార్కుల మెమో డైనమిక్ ఎలా అవుతుంది? ఫలితాలు ఖరారయ్యాక ఒక విద్యార్థికి గణితంలో వచ్చిన మార్కులు నిమిషనిమిషానికీ మారవు. రీకౌంటింగులోనో రీవెరిఫికేషన్‌లోనో కొద్దిమందివి మారతాయి, అవి కూడా కొన్ని వారాల తర్వాత. మారని సమాచారాన్ని ప్రతి అభ్యర్థనకూ డేటాబేస్‌లో వెతికి, పేజీగా కూర్చి, పంపి, మరుక్షణమే పారేయడం మనం ఎంచుకున్న పద్ధతి మాత్రమే. ఆ సమాచారానికి అలాంటి స్వభావం ఏమీ లేదు. ఇంటర్మీడియట్ రెండు సంవత్సరాలూ కలిపి ఒక్కో రాష్ట్రంలో దాదాపు 10 లక్షల మంది రాస్తారు. పేరు, హాల్‌టికెట్ నంబరు, సబ్జెక్టులవారీ మార్కులు కలిపి ఒక్కొక్కరికి 2 కిలోబైట్లు అనుకున్నా, రాష్ట్రం మొత్తం ఫలితాలు 2 గిగాబైట్లు. జేబులో పట్టే పెన్‌డ్రైవ్‌లో సగం కూడా నిండని సమాచారం కోసం సర్వర్లు నేలకొరుగుతున్నాయి.

సీడీఎన్ పెట్టినా ఎందుకు పనిచేయలేదో చూడాలంటే, బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి ఇలాంటి పేజీ ఒకదాన్ని పరిశీలిస్తే చాలు. మొదటి పేజీ తెరవగానే సర్వర్ ఒక సెషన్ కుకీని, అంటే వచ్చినవారిని గుర్తుపట్టే చిన్న గుర్తును అంటగడుతుంది. లాగిన్ లేని చోట ఆ సెషన్ ఎవరికోసమో ఎవరికీ తెలియదు. వాడిన ఫ్రేమ్‌వర్క్ అలవాటు అది. సెట్-కుకీ హెడర్ (జవాబుతో పాటు వెళ్లే సూచన) ఉన్న జవాబును చాలా సీడీఎన్‌లు నకలు చేసుకోవు. దానికి తోడు నకలు (క్యాచీ) నియమాలు చెప్పే క్యాచీ-కంట్రోల్ హెడర్‌లో నో-స్టోర్ అని ఉంటుంది, అంటే ఎవరూ దాచుకోవద్దని మన సర్వరే ఆదేశిస్తోందన్నమాట. హాల్‌టికెట్ నంబరు, ఫారం నింపి పంపే పోస్ట్ పద్ధతిలో వెళుతుంది. పోస్ట్ అభ్యర్థనల జవాబులను సీడీఎన్‌లు సాధారణంగా దాచవు. క్యాప్చా బొమ్మను కూడా మూల సర్వరే ఒక్కొక్కరికీ విడిగా గీసి పంపుతుంది. ఇన్ని ఆదేశాల మధ్య సీడీఎన్ చేయగలిగింది ఒక్కటే, వచ్చిన ప్రతి అభ్యర్థననూ వెనక్కి తోసేయడం. డబ్బు కట్టి సీడీఎన్ కొని, దాని నోరు మనమే నొక్కేశాం. నకలుకు వెళ్లేవల్లా పేజీ పైభాగాన కొలువుదీరే నాయకుల ఫొటోలు, కదిలే బ్యానర్లు మాత్రమే. అవి రాకపోయినా విద్యార్థికి పోయేదేమీ లేదు.

ఇక పరిష్కారం. ఫలితాలు ఖరారైన రాత్రే అన్ని మెమోలనూ ఒకసారి తయారుచేసి ఫైళ్లుగా పెట్టేయడం సీడీఎన్ గురించి తెలిసిన ఎవరికైనా మొదట తట్టే ఆలోచన. అది సరైన దారే కానీ, ఒక్కో విద్యార్థికి ఒక్కో ఫైలు పెడితే నకలు వల్ల ప్రయోజనం తక్కువ. ఎందుకంటే ఒక విద్యార్థి ఫలితాన్ని అడిగేది ఆ విద్యార్థి, తల్లిదండ్రులు, మహా అయితే ఇద్దరు ముగ్గురు బంధువులు. ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు చెన్నైలో, ఒకరు దుబాయిలో ఉంటే మూడు చోట్లా అది కొత్త ఫైలే, మూడుసార్లూ మూల సర్వర్ దాకా వెళ్లాల్సిందే. నకలు నిలవాలంటే అదే వస్తువును చాలామంది అడగాలి. కాబట్టి వందేసి మంది ఫలితాలను ఒక కట్టగా కట్టాలి. 10 లక్షల మందికి 10 వేల కట్టలవుతాయి, ఒక్కోటి 200 కిలోబైట్లు. సీడీఎన్ అంచున, అంటే వాడుకరికి దగ్గర్లోని సర్వర్‌లోనే నడిచే చిన్న ప్రోగ్రామ్ ఆ కట్టను నకలులోంచి తీసి, అడిగినవారి ఒక్క మెమోను మాత్రమే వేరుచేసి పంపుతుంది. ఇలాంటి అంచు ప్రోగ్రామ్‌ల సౌకర్యం 2017 నుంచి పెద్ద సీడీఎన్‌లలో ఉంది. అంచు సర్వర్లకూ మూల సర్వర్‌కూ మధ్య షీల్డ్ అనే మరో అంచె పెడితే, ఒకే కట్ట కోసం వేల మంది ఒకేసారి అడిగినా మూలానికి చేరేది ఒక్క అభ్యర్థనే. అంటే లక్షల మంది తాకిడి కాస్తా 10 వేల ఫైలు అభ్యర్థనలకు తగ్గిపోతుంది, అవి కూడా డేటాబేస్ జోలికి వెళ్లవు. మామూలు ఫైల్ స్టోరేజీ దాన్ని నవ్వుతూ మోస్తుంది.

గోప్యత సంగతి ఇక్కడే చూసుకోవాలి. ఫైలు పేరు హాల్‌టికెట్ నంబరే అయితే, ఒక్కో అంకె పెంచుకుంటూ పోయే స్క్రిప్టు ఒక పూటలో రాష్ట్రంలోని పిల్లల మార్కులన్నీ ఊడ్చుకుపోతుంది. అందుకే హాల్‌టికెట్ నంబరుతో పాటు పుట్టిన తేదీ కూడా అడగాలి, రెండూ సరిపోలితేనే అంచు ప్రోగ్రామ్ జవాబివ్వాలి, కట్ట మొత్తాన్ని మాత్రం ఏ పరిస్థితిలోనూ బయటికి పంపకూడదు. ఒకే తరగతి పిల్లల పుట్టిన తేదీలు రెండు మూడేళ్ల పరిధిలోనే ఉంటాయి కాబట్టి, వెయ్యికి కాస్త అటూ ఇటూ ప్రయత్నాల్లో ఎవరైనా ఊహించేయవచ్చు. ఒకే నంబరు మీద తప్పు తేదీలు కొన్నిసార్లు పడగానే కాసేపు ఆపేసే నియమం అంచు దగ్గరే ఉండాలి.

విడుదల ముహూర్తం మరో చిక్కు. కట్టలు ముందురోజు రాత్రే సీడీఎన్‌లోకి చేరితే, ప్రకటనకు ముందే బయటపడతాయన్న భయం సహజం. కట్టలను ఎన్‌క్రిప్ట్ చేసి ఎక్కించి, వాటిని విప్పే తాళంచెవిని మాత్రం విడుదల క్షణంలో అంచు ప్రోగ్రామ్‌కు అందిస్తే ఆ భయం తీరుతుంది. వేదిక మీద బటన్ నొక్కే సంప్రదాయం ఎలాగూ ఉంది కాబట్టి, ఆ బటన్‌కు నిజంగా ఒక పని దొరుకుతుంది కూడా. ఇక్కడ చాలామంది ఇంజినీర్లు పట్టించుకోని గుంట ఒకటుంది. 11 గంటలకు విడుదలంటే 10.50 నుంచే జనం రిఫ్రెష్ నొక్కుతుంటారు. అప్పుడు వచ్చే ‘ఫలితాలు ఇంకా విడుదల కాలేదు’ అన్న జవాబునో, 404 (పేజీ దొరకలేదు) జవాబునో సీడీఎన్ పది నిమిషాలు దాచుకుందంటే, ఫలితాలు వచ్చాక కూడా కొన్ని ఊళ్లవాళ్లకు రాలేదనే చెబుతూ ఉంటుంది. పక్కజిల్లా వాళ్లకు కనిపించి తమకు కనిపించకపోతే తల్లిదండ్రులు ఎంత కంగారుపడతారో చెప్పనక్కర్లేదు. లేదన్న జవాబుల ఆయుష్షు రెండు మూడు సెకన్లకు మించకూడదు.

ఇంతవరకూ చెప్పింది డైనమిక్ అని పేరు పడినా నిజానికి కానివాటి గురించి. నిజంగా డైనమిక్ అయినవీ మీ దగ్గర ఉన్నాయి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడం, ఫీజు చెల్లింపు, దరఖాస్తు నింపడం వంటి వాటి జవాబు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, నొక్కిన ప్రతిసారీ మారుతుంది. వీటిని నకలు చేయనే కూడదు. అయినా సీడీఎన్‌కు ఇక్కడ పని ఉంది. వాడుకరి ఫోన్‌తో సురక్షిత కనెక్షన్ కుదుర్చుకునే సంభాషణ అంతా దగ్గర్లోని అంచు సర్వర్‌తోనే ముగుస్తుంది. అంచుకూ మూలానికీ మధ్య ముందే తెరిచి ఉంచిన కొద్దిపాటి కనెక్షన్ల మీదే అందరి అభ్యర్థనలూ సాగుతాయి. అమెరికా తూర్పు తీరం నుంచి హైదరాబాద్ సర్వర్‌కు ఒక రాకపోక 200 మిల్లీసెకన్లు దాటుతుంది; సురక్షిత కనెక్షన్ కుదిర్చే పాత టీఎల్ఎస్ 1.2 పద్ధతిలో అసలు అభ్యర్థన బయల్దేరకముందే అలాంటివి మూడు కావాలి. 2018లో ప్రమాణంగా వచ్చిన టీఎల్ఎస్ 1.3 అందులో ఒకటి తగ్గించింది. నిజం చెప్పాలంటే దూరం వల్ల కలిగే ఈ మేలు ప్రవాస కుటుంబాలకే ఎక్కువ. సర్వర్ హైదరాబాద్‌లో, విద్యార్థి ఆదిలాబాద్‌లో ఉంటే దూరం సమస్యే కాదు. మనకు కావలసింది వేల కొత్త కనెక్షన్ల బరువును మూల సర్వర్ మీది నుంచి దించడం, బాట్లను, అంటే మనుషుల్లా నటించే ప్రోగ్రామ్‌లను గుమ్మం దగ్గరే ఆపడం, మరీ రద్దీ పెరిగితే జనాన్ని వరుసలో నిలబెట్టి వంతు చెప్పడం.

రైల్వేశాఖ చేసిన పని దీనికి దగ్గరి ఉదాహరణ. తత్కాల్ టికెట్ల తాకిడిని తట్టుకోవడానికి ఐఆర్‌సీటీసీ సైటుకు సీడీఎన్‌నూ, బాట్లను అడ్డుకునే వ్యవస్థనూ జోడించామని, మారని సమాచారంలో దాదాపు 87 శాతం ఇప్పుడు సీడీఎన్ నుంచే వెళుతోందని ఆ శాఖ 2025 జూన్‌లో ప్రకటించింది. 2025 మే 22న ఉదయం 10 గంటల వేళ ఒక్క నిమిషంలో 31,814 టికెట్లు బుక్ అయ్యాయని కూడా చెప్పింది. బెర్తు కేటాయింపును ఎవరూ నకలు చేయలేరు. అయితే మిగతా బరువంతా పక్కకు తప్పుకుంటేనే ఆ ఒక్క పనికి మూల సర్వర్‌లో చోటు మిగులుతుంది.

ఈ రెండింటి మధ్యలో ఉండే సమాచారం ఇంకొకటుంది. అందరికీ ఒకటే అయినా తరచూ మారేది, అంటే కాలేజీలవారీ మిగిలిన సీట్ల పట్టిక, హెల్ప్‌లైన్ కేంద్రాల రద్దీ, షెడ్యూలు మార్పుల ప్రకటనలు. మారుతుంది కదా అని దీన్ని నకలు చేయరు. ఒక్క సెకను పాటు దాచినా చాలు. సెకనుకు 20 వేల మంది అడుగుతున్నప్పుడు, షీల్డ్ ఉంటే, మూలానికి చేరేది సెకనుకు ఒక్క అభ్యర్థన. పాత నకలును వెంటనే ఇచ్చేసి వెనక నుంచి కొత్తది తెచ్చుకునే స్టేల్-వైల్-రీవ్యాలిడేట్ పద్ధతి 2010 నుంచే ఒక సాంకేతిక పత్రంలో రాతపూర్వకంగా ఉంది. మూల సర్వర్ పడిపోతే పాతదే చూపించే స్టేల్-ఇఫ్-ఎర్రర్ కూడా ఆ పత్రంలోనే ఉంది. ఎంతసేపు దాచాలన్నది మాత్రం ఆ సమాచారం వాడకాన్ని బట్టే తేల్చాలి. 2021 వేసవిలో కోవిడ్ టీకాల వేదిక కోవిన్ తన బహిరంగ ఏపీఐ (ఇతర ప్రోగ్రామ్‌లు సమాచారం అడిగి తీసుకునే దారి) ద్వారా అందించిన టీకా స్లాట్ల సమాచారం నకలులోంచి వస్తుందని, 30 నిమిషాల వరకు పాతదై ఉండవచ్చని దాని నిర్వాహకులే రాశారు. సర్వర్‌ను కాపాడుకోవడానికి అది అవసరమే అయి ఉండవచ్చు. అయితే స్లాట్లు నిమిషాల్లో అయిపోయే రోజుల్లో అరగంట నాటి పట్టిక ఎవరికి ఉపయోగం? సెకన్ల నకలుతో అదే బరువు చాలావరకు తగ్గేది.

నకలు చేయకూడనిది నకలైతే ఏమవుతుందో కూడా చెప్పాలి, లేకపోతే ఈ లేఖ మీకు సగం సలహానే ఇచ్చినట్టవుతుంది. 2015 డిసెంబరు 25న స్టీమ్ అనే ఆటల దుకాణం మీద భారీ దాడి జరిగింది. దాన్ని తట్టుకోవడానికి ఆ సంస్థ క్యాచీ భాగస్వామి హడావుడిగా నియమాలు మార్చగా, లాగిన్ అయినవారి పేజీలు కూడా నకలైపోయాయి. దాదాపు గంటన్నర పాటు ఒకరి ఖాతా పేజీలు మరొకరికి కనిపించాయి. సుమారు 34 వేల మంది చిరునామాలు, ఈమెయిళ్లు, కొనుగోళ్ల వివరాలు వంటివి అలా ఇతరుల కంటపడి ఉండవచ్చని యజమాని సంస్థ వాల్వ్ వెల్లడించింది. ఆ తప్పు జరిగింది పండుగనాడు, రద్దీలో, తొందరలో. మన ఫలితాల రోజు వాతావరణం కూడా అచ్చంగా అలాంటిదే. కాబట్టి ఏదీ నకలు కాకూడదన్నది మొదటి నియమంగా పెట్టి, నకలు కావలసిన దారులను పేరుపేరునా అనుమతించాలి. లాగిన్ వెనకున్న ప్రతి జవాబులోనూ ప్రైవేట్, నో-స్టోర్ అని మూల సర్వరే రాయాలి. ఫైలు పేరు చివర సీఎస్ఎస్ అనో జేపీజీ అనో ఉంటే చాలు నకలు చేసేయమనే నియమం ప్రమాదకరం. దాన్ని అడ్డం పెట్టుకుని ఇతరుల ఖాతా పేజీలను క్యాచీలోకి ఎక్కించి దొంగిలించే పద్ధతిని ఒమర్ గిల్ అనే పరిశోధకుడు 2017లోనే చూపించాడు.

నిర్వహణలో తరచూ ఎదురయ్యే మరో విచిత్రం. సీడీఎన్ పెట్టాక మూల సర్వర్‌కు వచ్చే అభ్యర్థనలన్నీ కొద్దిపాటి సీడీఎన్ ఐపీ అడ్రసుల నుంచే వచ్చినట్టు కనిపిస్తాయి. ఒకే అడ్రసు నుంచి ఇన్ని వేల అభ్యర్థనలా, ఇది దాడే అనుకుని, దాడుల్ని అడ్డుకునే పాత ఫైర్‌వాల్ సీడీఎన్‌నే నిషేధిస్తుంది, అదీ రద్దీ పతాకస్థాయిలో ఉన్నప్పుడు. తర్వాత తప్పంతా సీడీఎన్ మీదికి పోతుంది. మూల సర్వర్ సీడీఎన్‌తో తప్ప బయటి ప్రపంచంతో మాట్లాడకూడదు, సీడీఎన్‌తో మాత్రం లెక్కపెట్టకుండా మాట్లాడాలి. వాడుకరుల లెక్క అంచు దగ్గర చూసుకోవాలి.

సీడీఎన్ కూడా పడిపోవచ్చు. 2021 జూన్ 8న సీడీఎన్ సంస్థ ఫాస్ట్‌లీ నెట్‌వర్క్‌లో, ఒక వినియోగదారుడు చేసుకున్న చెల్లుబాటయ్యే మార్పు వల్లే దాగి ఉన్న లోపం బయటపడి, నెట్‌వర్క్‌లో 85 శాతం ఎర్రర్లు ఇచ్చింది. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు కూడా ఆగిపోయింది. 49 నిమిషాల్లో చాలావరకు కోలుకున్నారు. 2025 నవంబరు 18న మరో పెద్ద సీడీఎన్ సంస్థ క్లౌడ్‌ఫ్లేర్ వంతు వచ్చింది. కట్టలుగా కట్టిన ఫలితాలకు ఇందులోనూ ఒక సౌలభ్యం ఉంది: అవే ఫైళ్లను రెండో సీడీఎన్‌లోనూ ఉంచి, సైటు పేరును సర్వర్ చిరునామాతో కలిపే డీఎన్ఎస్ రికార్డు ఆయుష్షు తక్కువగా పెట్టుకుంటే నిమిషాల్లో అటు మళ్లవచ్చు. డేటాబేస్‌తో ముడిపడిన సైటును అలా ఎత్తి మరోచోట పెట్టడం కుదరదు. డిజిలాకర్, వాట్సాప్ వంటి దారులు ఎలాగూ ఉన్నాయి, ఉండాలి.

సీడీఎన్ సంస్థ మన సమాచారాన్ని విప్పి చూడగలదన్న అభ్యంతరం న్యాయమైనదే. కనెక్షన్ అంచు దగ్గర ముగుస్తుంది కాబట్టి అక్కడ పేజీ బట్టబయలుగానే ఉంటుంది. భారతదేశంలోని కేంద్రాల నుంచే సేవ అందాలని, లాగ్‌లలో హాల్‌టికెట్ నంబర్లు, పుట్టిన తేదీలు నిల్వ ఉండకూడదని ఒప్పందంలో రాయించుకోవాలి. అయితే ఈ అభ్యంతరం చెప్పేటప్పుడు ఇప్పుడు జరుగుతున్నదేమిటో కూడా చూడాలి. అధికారిక సైటు తెరుచుకోదన్న నమ్మకంతో జనం ప్రకటనలతో నిండిన ప్రైవేటు ఫలితాల సైట్ల మీద పడుతున్నారు, కొన్నిచోట్ల ఫోన్ నంబరు ఇస్తే గానీ మార్కులు చూపించరు, మర్నాటి నుంచి కాలేజీల ఫోన్లు మొదలవుతాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని పిల్లలుగానే చూస్తుంది. ఒప్పందానికి కట్టుబడిన ఒక సీడీఎన్ కంటే ఏ లెక్కాజమా లేని పది సైట్లు పిల్లల సమాచారానికి క్షేమమని నేననుకోను.

చివరిగా టెండర్ల సంగతి. ‘సీడీఎన్ సౌకర్యం కలిగి ఉండాలి’ అన్న ఒక్క వాక్యం రాస్తే, ఇంతకుముందు చెప్పిన ఫొటోల నకలుతోనే ఆ షరతు నెరవేరిపోతుంది, గుత్తేదారును తప్పుపట్టే వీలు కూడా ఉండదు. ఫలితాల జవాబుల్లో ఎంత శాతం మూల సర్వర్ దాకా రాకుండా అంచు నుంచే వెళ్లాలో, మూలానికి సెకనుకు గరిష్ఠంగా ఎన్ని అభ్యర్థనలు చేరవచ్చో అంకెల్లో రాయండి. విడుదలకు వారం ముందు లోడ్ టెస్టు (కృత్రిమ రద్దీతో పరీక్ష) చేయించండి. ఆ పరీక్షను ఒకే హాల్‌టికెట్ నంబరుతో లక్షసార్లు చేస్తే అది నకలులోంచే వచ్చేసి అంతా బ్రహ్మాండంగా ఉన్నట్టు నివేదిక వస్తుంది. లక్ష వేర్వేరు నంబర్లతో, కొన్ని తప్పు నంబర్లతో, కొన్ని తప్పు తేదీలతో, జియో, ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ నెట్‌వర్కులన్నిటి మీదా చేయించండి. అదనపు సర్వర్లకు ఏడాది పొడవునా కట్టే అద్దెతో పోల్చి చూసుకోండి, ఎందుకంటే సీడీఎన్ బిల్లు సాధారణంగా వాడుకున్నంతకే వస్తుంది, మనకు వాడుక ఏడాదిలో కొన్ని రోజులే. వచ్చే ఫలితాల విడుదల తర్వాత ఆ రోజు మొత్తం వచ్చిన అభ్యర్థనలెన్నో, అంచు నుంచి వెళ్లినవెన్నో, మూలానికి చేరినవెన్నో, విఫలమైనవెన్నో నాలుగు అంకెలుగా మీ వెబ్‌సైటులోనే ప్రకటించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
వెబ్‌సైట్ల నిర్వహణలో పనిచేసే ఒక ఇంజినీరు